లెక్కకు రాని కూలి

సాలూరు చుట్టుపట్ల వరినాట్లను ఉభాలంటారు. ఉభాల వేళ గట్టుపై నిలిచి చూస్తే మడిలో వంగినవారు ఎక్కువగా స్త్రీలే. సాయంకాలం వారి చేతిలో పడిన కూలి ఎంతో అడిగి వ్రాసుకొనవచ్చును. కాని చంటిబిడ్డను విడిచి రాలేక ఇంట నిలిచిపోయిన ఆమె వచ్చియుంటే ఎంత పుచ్చుకొనేది? ఆ అంకె ఏ కాగితం మీదను లేదు. ఆ అంకె కోసం పండితులు పడిన పాట్లను శ్రోతలతో కొంత ముచ్చటించదలచినాము.

1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినపుడు సాలూరు తాలూకా అందులో చేరినది. ఆ 1950-51లోనే దేశమంతటా మొదటి వ్యవసాయ కార్మిక విచారణ జరిగినది. దేశం మొత్తం మీద పురుషుని సగటు దినకూలి 109 పైసలకు సమానమనీ, స్త్రీ కూలి 68 పైసలనీ తేలినది. 1956-57లో రెండవ విచారణ జరుపగా అవి 96కు, 59కి దిగినవి. కూలి పడిపోయినదని కొందరు వాపోయినారు. అయితే మొదటిమారు కార్మిక కుటుంబాన్ని పనిదినాలను బట్టి గుర్తించినారు. రెండవమారు ఆదాయాన్ని బట్టి. మరి తగ్గినది కూలియా, లేక లెక్కలోకి వచ్చిన మనుషులే మారినారా? ఈ వాదం చాలకాలం నడచినది.

సగటు చేసే మాయకు ఒక ఊహను చెప్పుకొందాము. ముగ్గురు స్త్రీలకు రోజుకూలి 300, 250, 200 రూపాయలు, సగటు 250. మరుసటి ఏడు ముగ్గురి రేటూ 20 రూపాయలు పెరిగినది. కాని అందరిలో నేర్పరియైన మొదటి ఆమె ఇంట కొంచెం కలిమి కలిగి పని మానినది. మిగిలినవారికి 270, 220, సగటు 245. ప్రతివారి కూలీ పెరిగినది, సగటు తగ్గినది!

1974లో రూబెన్ గ్రోనౌ, జేమ్స్ హెక్‌మన్ అను ఇరువురు ఈ చిక్కును వేరువేరుగా పట్టుకొన్నారు. 1979లో హెక్‌మన్ సులువైన మార్గం చూపినారు. 2000లో నోబెల్ బహుమానం పంచుకొన్నారు. మొదట ఎవరు పనికి వచ్చే అవకాశమెంతో లెక్కించవలెను. పనికి వచ్చినవారు అందరివంటివారు కారు గనుక, ఆ లెక్కనుండి ఒక సవరణ పదాన్ని తీసి కూలి సమీకరణంలో చేర్చవలెను. అందుకు పనికి రావడాన్ని మార్చేదీ, కూలిరేటును మార్చనిదీ అయిన కారణం ఒకటి దొరకాలి. చంటిబిడ్డ అటువంటి కారణమని పలువురు తలచినారు. మాకు మాత్రం కొంత సందేహమే: ప్రొద్దెక్కి వచ్చిన తల్లికి ఆసామి కూలి కోత పెట్టడా?

ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి వెన్నంటి చూచిన లెక్కలు మన తెలుగునాటనే ఉన్నవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో పాలమూరు జిల్లా అవురేపల్లి, దోకూరు గ్రామాలలో ఊరికి 40 కుటుంబాల చొప్పున ఎన్నుకొని, పరిశోధకులను ఊళ్లలోనే నివసింపజేసినది. ఒకే స్త్రీని నిరుటితో పోల్చి చూచినపుడు ఆమె సహజమైన నేర్పు రెండు వైపులా కొట్టివేయబడును. ఇక చిక్కు తీరినదని అనుకోరాదు. వాన రాకపోవడం, భర్త వలసపోవడం, అత్తగారి జబ్బు, ఇవి ఏటికేడు మారును; వాటితో పాటు పనికి వచ్చేవారును మారుదురు. కనుక ప్రతి ఏటికీ ఆ అవకాశాన్ని వేరుగా లెక్కించి సవరణ చేయవలెనని 1995లో జెఫ్రీ వూల్డ్‌రిడ్జ్ చూపినారు.

2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలో విజయనగరం జిల్లాను చేర్చినారు. సాలూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు మారినది. పథకంలో ఆడ మగ భేదం లేకుండ ఒకే రేటు. పొలంలో అందరికంటె తక్కువ కూలి పుచ్చుకొనే స్త్రీలు గట్టుపనికి వెళ్లిరనుకొందాము. మడిలో మిగిలినవారి సగటు పెరుగును. ఏ ఆసామీ ఒక్క పైసా హెచ్చు ఇచ్చియుండడు. ఆ సగటును చూచి పొలంలో స్త్రీల కూలి బాగుపడినదని వ్రాసే అధికారి ముందుగా ఆ ఏడు మడిలోకి రానివారి పేర్లు అడిగి తెలుసుకోవలసియుండును.