పసుపు తవ్వే ఇంట భోజనపు లెక్క

నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతమున జూన్ మాసమున నాటిన పసుపు దాదాపు తొమ్మిది మాసములు భూమిలో నుండును. జనవరి నుండి మార్చి వరకు తవ్వకపు కాలము. దుంపలు తవ్వుట, మట్టి దులుపుట, కొమ్ములు విడదీయుట, ఉడకబెట్టుట, ఎండబోయుట, మెరుగు పెట్టుట, ఆపై అంగడికి చేర్చుట - పనులు ఒకదాని వెంట ఒకటి తరుముకొని వచ్చును. కొమ్ములు ఉడికిన నాడు ఎండ తప్పిపోయినచో రంగు చెడును. రంగు చెడినచో ధర పడిపోవును. కావున ఆ దినములలో ఇంటిల్లిపాది చేనులోనో కళ్లములోనో ఉందురు. పొయ్యి మాత్రము ఇల్లాలి కొరకు కాచుకొని యుండును.

ఇట్టి ఇంట ఏమి వండవలెను, ఎంత వండవలెను, ఎవరికెంత పెట్టవలెను? ఇది కేవలము ఇంటి ముచ్చట కాదు. శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా దీనితో కుస్తీ పట్టినారు.

కుటుంబమంతటిని ఒకే కొలతలో చూడవలెనని యత్నించిన వారిలో జర్మను గణాంక శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు ఎంగెల్ ముఖ్యుడు. ఆదాయము పెరిగిన కొలది అందులో తిండికగు వ్యయపు పాలు తగ్గునని 1857లో చూపినవాడాయనే. బెల్జియము కార్మిక కుటుంబముల ఖర్చులను గురించి 1895లో వ్రాసిన గ్రంథములో ఆయన ఒక కొత్త కొలతను ప్రవేశపెట్టెను. అప్పుడే పుట్టిన శిశువు 1, ఏటేట 0.1 చొప్పున కలుపగా పురుషుడు 25 ఏండ్లకు 3.5, స్త్రీ 20 ఏండ్లకు 3.0 అగుదురు. తన గురుతుల్యుడైన కెట్లే పేరు మీదుగా దీనికి 'కెట్' అని పేరు పెట్టెను. పసిబిడ్డను కొలబద్దగా తీసికొనుట అందమైన ఊహయే గాని, ఇందులో మనిషి చేయు పనికి చోటు లేదు.

అమెరికాలో ఆట్వాటర్ ఆహారములోని శక్తిని కేలరీలలో కొలిచిన పిమ్మట లెక్క మారినది. పెద్ద పురుషుని అవసరమును 1గా నుంచి తక్కినవారిని అందులో భాగములుగా చెప్పసాగిరి. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున మిత్రరాజ్యములకు ఆహారము పంచవలసి వచ్చినపుడు గ్రాహం లస్క్ గుణకములు వాడుకలోనికి వచ్చినవి: స్త్రీకి 0.83, ఆరేండ్ల లోపు బిడ్డకు 0.50.

మన దేశమున ఈ కథ కూనూరులో మొదలగును. 1918లో అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో రాబర్టు మెకారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించెను. ఆయన చేసిన ఎలుకల ప్రయోగము ప్రసిద్ధము. భారతదేశపు వివిధ ప్రాంతముల వారు తిను భోజనములనే వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి పెంచెను. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్నవి సగటున 235 గ్రాములు తూగినవి. మద్రాసు ప్రాంతపు వరి భోజనము తిన్నవి 155 గ్రాములు మాత్రమే. లోపము ఒక్క బియ్యముదే యనుట తొందరపాటు. పళ్లెములో దాని ప్రక్కన ఏమున్నది, ఏమి లేదు అన్నదియే అసలు ప్రశ్న.

ఆ గదియే పెరిగి 1928లో పోషకాహార పరిశోధనాలయమైనది. తరువాతి సంచాలకుడు ఐక్రాయిడ్ 1937లో భారతీయాహార పదార్థముల పోషక విలువలను, తృప్తికరమైన భోజనముల రూపకల్పనను తెలుపు చిన్న పుస్తకమును వెలువరించెను. ప్రయోగశాల లెక్కలు వంటింటికి నడచి వచ్చినది అప్పుడే. పరిశోధనాలయము 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యనెడి పేరు పొందినది.

భారత వైద్య పరిశోధన మండలి పట్టికలో కూర్చుండి పని చేయు పురుషుడు 1.0, అట్టి స్త్రీ 0.8. పని బరువైనచో పురుషుడు 1.6, స్త్రీ 1.2. తొమ్మిది నుండి పన్నెండేండ్ల బిడ్డ 0.8, పన్నెండు దాటినచో 1.0. విద్యార్థులు ఈ లెక్కను తమ యింటికి కట్టి చూడవచ్చును. ఉదాహరణకు ఆర్మూరులో ఒక ఇల్లు: తండ్రి, తల్లి, ఇంటిపట్టున నుండు నాయనమ్మ, పదమూడేండ్ల కొడుకు, పదేండ్ల కూతురు. బరువు పని లేని దినమున 1.0, 0.8, 0.8, 1.0, 0.8 కలిపి 4.4. తవ్వకపు దినమున తల్లిదండ్రుల పాలు 1.2, 1.6 కాగా మొత్తము 5.4. ఇంటికి కొత్త మనిషి రాలేదు. అయినను పూర్తిగా ఒక మనిషి తిండి అదనముగా కావలసి వచ్చినది.

ఆ ఒక్క యూనిటుకు పాత లెక్కన సుమారు 2400 కిలోకేలరీలు. 400 గ్రాముల జొన్నలు, 80 గ్రాముల కందిపప్పు, 50 గ్రాముల వేరుసెనగ, 30 గ్రాముల నూనె, 50 గ్రాముల బెల్లము కలిపిన ఇంచుమించు అంతే వచ్చును. ఇందులో పప్పును తీసివేసి జొన్నలు పెంచినచో శక్తి సరిపోవును గాని పని చెడును. జొన్నలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ; పప్పులో కొరతగా నున్న మెథియోనిన్ ధాన్యములో లభించును. ఒకదాని లోటును మరొకటి పూడ్చును.

జొన్న మాట వచ్చినది గనుక మరొక సంగతి. చర్మము నల్లబడి పెళుసెక్కి, విరేచనములు, మతి భ్రమ కలిగించు పెల్లాగ్రా మొక్కజొన్న తినువారి వ్యాధియని లోకము తలచెడిది. దక్కను పీఠభూమిలో జొన్న మాత్రమే తిను పేదలలోను అది కనబడుట హైదరాబాదు పరిశోధకులను ఆశ్చర్యపరచినది. జొన్నలోని అధిక లూసిన్ దీనికి కారణమని గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించిరి. ఈ వివరణపై తరువాత చాల చర్చ జరిగినది. జొన్నకు తోడుగా పప్పు, పాలు దొరికిన ఇంట మాత్రము ఆ వ్యాధికి చోటుండదు.

పిమ్మట పళ్లెమే మారినది. 1931లో నిజాంసాగరము పూర్తి యగుట, 1963లో పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన జరుగుట, 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చుట - వీనితో జొన్న గటక తగ్గి అన్నము హెచ్చినది. అన్నము త్వరగా ఉడుకును, నిజమే. కాని పని తొందరలో అన్నము, తొక్కు మాత్రమే మిగిలినచో మెకారిసన్ ఎలుకల సంగతియే మరల ఎదురగును.

తీరిక లేని ఇంటికి పాత అలవాట్లలోనే కొంత దారి యున్నది. రాత్రి కలిపి పులియబెట్టిన అంబలి తెల్లవారుసరికి సిద్ధము. పులియుటచే ధాన్యములోని ఫైటేటు తగ్గి ఇనుము శరీరమునకు మెరుగుగా అందును. పప్పులోనే పుంటికూరనో తోటకూరనో వేసి ఒకే గిన్నెలో వండినచో కట్టెలు, కాలము రెండును కలిసివచ్చును. ఆదివారమే వేరుసెనగ వేయించి, బెల్లముతో దంచి ముద్దలు చేసి డబ్బాలో నుంచినచో వారమంతయు చేనికి పట్టుకొనిపోవుటకు వీలగును.

అయితే గిన్నెలో తగినంత ఉన్నంత మాత్రమున అందరికి తగినంత చేరినట్లు కాదు. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ యూనిటుకు ఇంత యని సగటు తీసినది గాని, ఒక ఇంట ఎవరికెంత దక్కినదో సగటు చెప్పజాలదు. చాల ఇండ్లలో ఇల్లాలు అందరికి వడ్డించి, అడుగున మిగిలినది తినును. పగలంతయు పలుగు పట్టిన ఆమెను 0.8గా చూచుట అలవాటైపోయినది. 2020లో ప్రకటించిన కొత్త అంచనాల ప్రకారము కూర్చుండి పని చేయు పురుషునికి 2110, బరువు పని చేయు స్త్రీకి 2720 కిలోకేలరీలు కావలెను. పాత పట్టికలో 1.2గా నున్న ఆమె పాలు ఈ లెక్కన 1.29 అగుచున్నది.