పావుమైలు దూరంలో ఆవు

పికప్పు ట్రక్కు వెనక పలక దించి, దాని మీద రెండు స్కోపులు పక్కపక్కన పెట్టాడు పశువుల రాంచ్ ముసలాయన. ఒకటి ఇటుకంత ఉంది, బరువూ దాదాపు అంతే. రెండోది పగటి స్కోపులాగే సన్నగా, గొట్టంలా ఉంది. పాతది 2000 ప్రాంతపు సరుకు, ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండులో కొన్నాడు. కొత్తది పోయిన ఏడాదిది. “నువ్వు ఎలక్ట్రానిక్స్‌లో ముప్పయ్యేళ్ళు చేశావు గదా, ఏది మంచిదో చెప్పు” అన్నాడు. ఇదేం ప్రశ్న, ధర చీటీ చూస్తే సరిపోదా అనుకున్నాను. చెప్పడానికి నాలుగు రాత్రులు పట్టింది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఆయన పొలం అక్కడికి గంటన్నర దూరం. నాకు తుపాకి పట్టడం రాదు, పంది మాంసం ముట్టను. ఆయన గురి చూస్తుంటే పక్కన కూర్చుని ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టి చెప్పడమే నా పని. ఆ పందులది పెద్ద కథ. స్పెయిన్ దండయాత్రలతో వచ్చిన పెంపుడు పందులు అడవి పట్టాయి. 1930ల్లో వేట సరదా ఉన్నవాళ్ళు యూరప్ అడవిపందుల్ని తెచ్చి వదిలారు. రెండూ కలిసి ఇప్పటి జాతి తయారైంది. ఒక్క రాత్రి మంద దిగితే తెల్లారేసరికి మొక్కజొన్న చేను నాగలి పెట్టి దున్నినట్టుంటుంది. 2019 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో, భూమి యజమాని ఒప్పుకుంటే చాలు, వీటిని వేటాడటానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. పగలు పొదల్లో పడుకుని ఎక్కువగా చీకటి పడ్డాక తిరిగే జంతువు కాబట్టి వేట ఎక్కువగా రాత్రిళ్ళే.

చీకట్లో గురి చూడాలన్న ఆశ సైన్యాలది. 1945లో ఒకినావా దీవిలో అమెరికన్ సైనికులు కార్బైన్ తుపాకి మీద కంటికి కనపడని పరారుణ దీపం, దాన్ని చూడగల గొట్టం బిగించుకుని, బ్యాటరీ వీపున మోసుకుని కూర్చున్నారు. చూపు ఆనేది 70 గజాలు. వియత్నాం నాటికి దీపం పోయి, చుక్కల వెలుగునే వేల రెట్లు పెంచి చూపించే స్కోపు వచ్చింది. అమావాస్య నాడు మబ్బు పడితే దాని పనీ కష్టమే. ఇవి రెండూ వెలుగుని నమ్ముకున్నవి. మా ట్రక్కు పలక మీదున్నవి వేరే వంశం. వాటికి వెలుగుతో పనిలేదు. వస్తువు తనంతట తాను విడిచే వేడినే చూస్తాయి.

ఆ వంశానికి మూలపురుషుడు విలియం హెర్షెల్. 1800లో ఇంగ్లండులో పట్టకంలోంచి పడిన రంగుల పక్కన థర్మామీటర్లు పెట్టి చూస్తే, ఎరుపు దాటి ఏ రంగూ లేనిచోట పాదరసం ఎక్కువ పైకి పోయింది. నాకు హెర్షెల్ కన్నా శామ్యూల్ లాంగ్లీ దగ్గరవాడనిపిస్తాడు. పిట్స్‌బర్గ్ దగ్గర అలెగెనీ అబ్జర్వేటరీలో ఆయన బోలోమీటరు చేశాడు. సన్నటి లోహపు పట్టీ, వేడి తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, అంతే. 1880 నాటికి అది పావుమైలు దూరంలో ఉన్న ఆవు ఒంటి వేడిని పట్టేదని చెబుతారు. ఆవు అని ఆ పట్టీకి తెలీదు సుమా. అటు వైపు వెచ్చనిదేదో ఉందని ముల్లు కదిలింది. అది ఆవని లాంగ్లీకి ముందే తెలుసు. ముసలాయన పొలంలో నాలుగు రాత్రులూ నా బుర్రలో తిరిగింది ఆ ఆవే.

ముల్లు కదలడం నుంచి స్పష్టమైన బొమ్మ పడటానికి దశాబ్దాలు పట్టింది. 1959లో ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధనా కేంద్రం వాళ్ళు పాదరసం, కాడ్మియం, టెల్యూరియం కలిపిన స్ఫటికం సంగతి ప్రచురించారు. మనిషి ఒంటి వేడిని అది అద్భుతంగా పట్టేది. చిక్కల్లా దాని వేడే దానికి అడ్డం. మైనస్ 196 డిగ్రీలకి చల్లబరిస్తే తప్ప తన రొదలో అవతలివాడి మాట వినపడదు. అందుకని ఆనాటి వేడిచూపు యంత్రాలన్నీ విమానాల్లోనూ ట్యాంకుల్లోనూ కూర్చున్నాయి. సైనికుడు మోసే క్షిపణి గొట్టాల మీదికి వచ్చినప్పుడు కూడా గ్యాస్ సీసా వెంట తెచ్చుకున్నాయి. సీసా అయిపోతే చూపూ అయిపోయినట్టే. బరువంతా చూడటానిది కాదు, చల్లబరచడానిది.

ఆ చలి పీడ వదిలించింది ఇద్దరు. ఒకరు మాకు పొరుగువాళ్ళే, డాలస్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్. బేరియం స్ట్రాన్షియం టైటనేట్ అనే పింగాణీ లాంటి పదార్థం గది వేడి దగ్గరే రవంత వేడి మార్పుకి కూడా స్పందిస్తుందని పట్టుకున్నారు. అయితే అది వేడికి కాదు, వేడి మారడానికి స్పందిస్తుంది. కాబట్టి ముందు ఒక చక్రం తిరుగుతూ దృశ్యాన్ని మూస్తూ తెరుస్తూ ఉండాలి. రెండోవాళ్ళు మిన్నెసోటాలో హనీవెల్. అక్కడ ఆండ్రూ వుడ్ బృందం లాంగ్లీ పట్టీనే మళ్ళీ తీసుకుని, వెనేడియం ఆక్సైడు పూసిన వంతెనలాగా సిలికాను మీద రెండు సన్నటి కాళ్ళ మీద నిలబెట్టారు. కింద సందు రెండున్నర మైక్రాన్లు. అలాంటి వంతెనలు వేలకొద్దీ. 1992 దాకా అది సైనిక రహస్యం. ఇదే ఏర్పాటు ముసలాయన పొలంలోనే ఇంకొకరి దగ్గర ఉంది, ఎవరి అనుమతీ లేకుండా. అక్కడి ర్యాటిల్ స్నేక్ మొహం మీద కంటికీ ముక్కుకీ మధ్య గుంట ఉంటుంది. అందులో పదిహేను మైక్రాన్ల పొర గాలిలో వేలాడుతూ ఎలక ఒంటి వేడిని పడుతుంది.

ట్రక్కు పలక మీది పాత ఇటుక డాలస్ చక్రం రకం. 2000 సంవత్సరపు కాడిలాక్ డివిల్ కారులో రాత్రిచూపుకి పెట్టిందీ ఇదే పదార్థం. కొత్త గొట్టం హనీవెల్ వంతెనలకి మనవడు.

మొదటి రాత్రి వృథా. చలిగా ఉందని ట్రక్కులోనే కూర్చుని ముందద్దంలోంచి చూశాను. రెండు స్కోపుల్లోనూ బూడిదరంగు గోడ, దాని మీద నా మొహం నీడ. ఇన్నేళ్ళ చదువూ ఏమైనట్టు? మామూలు గాజు ఈ కిరణాలకి ఇనపరేకుతో సమానం. అందుకే ఈ స్కోపుల లెన్సులు జర్మేనియంతో చేస్తారు. 2008లో నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఈ పాతదాన్నే చూపించాను. నాన్న బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో లెన్సులు సానపట్టినవాడు. 1926లో పుట్టిన ఆ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసేదాకా గాజే ఆయన లోకం. ముందు లెన్సుని దీపానికి ఎదురు పెట్టి, తిప్పి, గోటితో తట్టి, “ఇది ఇనుమురా, ఇందులోంచి ఏం కనపడుద్ది?” అన్నాడు. కంటికి అది మసక అద్దమే, ఇటు నుంచి అటు ఏమీ కనపడదు. వక్రీభవన గుణకం నాలుగు అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “అయితే సగం వెనక్కే కొట్టుద్దిగా, పూత లేకపోతే” అన్నాడు. ప్రతి ముఖం దగ్గరా నూటికి 36 వంతులు. నేను కాగితం మీద లెక్క కట్టేలోపే ఆయన చెప్పేశాడు. నాన్న పోయాక, 2025 అక్టోబరులో మా కృష్ణా జిల్లా నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ రాత్రిచూపు పరికరాల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసిన వార్త చదివినప్పుడు, ఆ గోటి చప్పుడే వినపడింది.

రెండో రాత్రి, మూడో రాత్రి బయట కూర్చున్నాం. పాతదాన్ని ఆన్ చేస్తే లోపల చక్రం తిరుగుతూ గుయ్యిమంటుంది. వెచ్చటి వస్తువు చుట్టూ నల్లటి అంచు పడుతుంది, ముగ్గుగిన్నెకి మసి అంటినట్టు. సుమారు డిగ్రీలో పదోవంతు తేడా ఉంటేనే విడదీస్తుంది. కొత్తది నలభయ్యో వంతుని కూడా చూపిస్తుంది. పంది పరుగెత్తిన దారిలో గడ్డి మీద అడుగుల వెచ్చదనం కూడా కాసేపు కనపడింది. మధ్యమధ్య టక్కుమని లోపలి మూత పడి బొమ్మ అర సెకను ఆగుతుంది, తనని తాను సరిచేసుకోవడానికి. సంధ్యవేళ మాత్రం రెండూ ఒకటే. నేలా, రాయీ, గడ్డీ దాదాపు ఒకే వేడికి వచ్చే ఆ కాసేపు ఎంత ఖరీదైనదానిలోనైనా బొమ్మ వెలిసిపోతుంది.

అసలు తేడా లెక్కలో ఉంది. రెండింటి లెన్సూ 50 మిల్లీమీటర్లదే. పాతదాని పిక్సెలు సుమారు 50 మైక్రాన్లు, కొత్తదానిది 12. అంటే వంద మీటర్ల దగ్గర పాతదానిలో ఒక్కో చుక్క పది సెంటీమీటర్ల ముక్క, కొత్తదానిలో రెండున్నర కూడా లేదు. అరవై సెంటీమీటర్ల ఎత్తు పంది పాతదానిలో ఆరు చుక్కలు, కొత్తదానిలో ఇరవై అయిదు. 1958లో అమెరికా సైన్యంలో జాన్ జాన్సన్ అనే ఆయన ఒక కొలత చెప్పాడు. దాన్ని చుక్కల్లోకి మారిస్తే, ఏదో ఉందనడానికి రెండు చాలు, ఏ జాతిదో చెప్పడానికి ఎనిమిది కావాలి. వేసి చూశాను. పాతది 300 మీటర్ల నుంచి ఏదో ఉందంటుంది, 75 మీటర్లకి వస్తే పందంటుంది. కొత్తది 1,250 మీటర్ల నుంచి ఏదో ఉందంటుంది, 310కి వస్తే పందంటుంది. నాలుగు రెట్లు మెరుగు, ఒప్పుకున్నాను. కాని మధ్యలో ఉన్న తెలియని నేల? పాతదానికి 225 మీటర్లు. కొత్తదానికి 940.

ఈ నేల మీద మనుషులు పోయారు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుక తుఫానులో కూడా అమెరికన్ ట్యాంకులకి ఇరాక్ ట్యాంకులు వేడి ముద్దలుగా కనపడ్డాయి, యుద్ధం అంత త్వరగా ముగియడానికి అదీ ఒక కారణం. అదే యుద్ధంలో పోరులో చనిపోయిన 148 మంది అమెరికన్లలో 35 మంది సొంతవాళ్ళ చేతుల్లోనే పోయారు. అన్నిటికీ స్కోపు కారణమని కాదు. కాని ముద్ద కనపడింది, ఎవరిదో కనపడలేదు అన్నది వాటిలో ఉంది. తరవాత తమ బళ్ళకి చల్లగా కనపడే పలకలు తగిలించుకోవడం మొదలుపెట్టారు.

నాలుగో రాత్రి తొమ్మిదిన్నరకి కొత్తదానిలో ఏడెనిమిది వందల మీటర్ల దూరంలో, వాగు గట్టున పదమూడు తెల్లచుక్కలు లెక్కపెట్టాను. పాతదానిలో అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ముసలాయన రైఫిలు మూతి అటు తిప్పాడు. “పందులే, నడక చూడు” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అవునని చెప్పకపోవడానికి కారణం నా ధైర్యం కాదు, పొద్దున వేసిన లెక్క. “మూడొందలకి రానీ” అన్నాను. ఆయన గొణుక్కున్నాడు. చలిలో నలభై నిమిషాలు. ఒక చుక్క లేచి, ఊగి, పక్క చుక్క కిందకి దూరి ఆగింది. పాలు తాగుతోంది. కంచె తెగి పక్క పొలం ఆవులు, దూడలు ఇటు వచ్చాయి. ముసలాయన ఏమీ మాట్లాడకుండా తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు కొత్తది రైఫిలు మీద ఉంది. దాని పక్కన తెల్ల టేపు అంటించి, దాని మీద పెన్నుతో 310 అని రాసుకున్నాడు. పాతదాన్ని తుపాకి నుంచి విప్పి కొట్టంలో మేకుకి తగిలించాడు. జనవరిలో ఆవులు ఈనేటప్పుడు, దూడ గడ్డిలో ఎక్కడ పడిందో వెతకడానికి తీస్తాడు. ఆ కొట్టానికీ కంచెకీ మధ్య అరవై మీటర్లు కూడా లేవు. మొన్న ఫోనులో మాట్లాడుతుంటే వెనక నుంచి ఆ చక్రం గుయ్యిమనడం వినపడింది, ఆవు అరుపుతో పాటు.