జంబోజెట్టు: ఒక ఇంజనీరు జ్ఞాపకములు

రాత్రివేళ మన డాబాలమీదుగా విమానము పోవునప్పుడు అందులోని ప్రయాణికులను గూర్చి తలంతుము. దానిని నిర్మించినవారిని గూర్చి అంతగా తలంపము. అట్టివారిలో నొకరు తమ వార్ధక్యమున ప్రకటించిన జ్ఞాపకములను మేము చదివితిమి. ఆయన జో సట్టర్. లోకమంతయు జంబోజెట్టు అని పిలిచిన బోయింగు 747 విమానమునకు ప్రధాన ఇంజనీరు.

సట్టర్ 1921లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. 1965లో ఆయనకీ పని అప్పగించునాటికి కంపెనీ పెద్దల దృష్టి ధ్వనిని మించిన వేగముతో పోవు మరియొక విమానముపై నుండెను. జంబో కొంతకాలము ప్రయాణికులను మోసి, పిమ్మట సరకులకే మిగులునని వారి యంచనా. అందుచేతనే ముక్కుభాగమునుండి సరకు లెక్కించుటకు వీలుగా చోదకుల గదిని పైయంతస్తున నుంచిరి. ఆ విమానమునకు మూపురము వచ్చుటకు కారణమిదియే.

1966లో పాన్ అమెరికన్ సంస్థ 25 విమానములు కోరెను. వాటికొరకు ఎవరెట్టు పట్టణమున క్రొత్త కర్మాగారమునే కట్టవలసివచ్చెను. ఖర్చు పెరిగి అప్పులు మీదపడిన దినములలో అధికారులు సట్టరును పిలిచి, వేయిమంది ఇంజనీర్లను తగ్గింపుమనిరి. ఆయన అంగీకరింపలేదు, పైగా ఇంకను మనుష్యులు కావలెననెను. ఉద్యోగము పోయినట్లేయని తలంచుచు ఆ గది వెడలివచ్చెనట. కాని ఉద్యోగము పోలేదు. ఆ తగ్గింపును జరుగలేదు.

అంతమందితో పనియేమి? నూనె ఒత్తిడితో రెక్కలలోను తోకలోను ఫలకములను కదలించు హైడ్రాలిక్ వ్యవస్థలు సట్టర్ విమానమున ఒకటి కాదు, నాలుగు. రెక్కలక్రిందను పొట్టక్రిందను ప్రధానమైన చక్రముల కాళ్ళును నాలుగే. ఒకటి చెడినను విమానము దిగగలుగవలెనని ఆయన పట్టు.

1969 ఫిబ్రవరి 9న జంబో తొలిసారి ఎగిరెను. 1971 జూలై 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాన్ అమెరికన్ జంబో యొకటి లేచుచు, రన్‌వే చివరనున్న దీపస్తంభములను తాకెను. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలలో మూడు పాడయ్యెను. మిగిలిన ఒక్కదానితో చోదకులు విమానమును మరల నేలకు దింపిరి. అందలి 218 మందియు బ్రతికిరి.

ఆ సంవత్సరమే మన ఎయిర్ ఇండియా తొలి జంబో, అశోక చక్రవర్తి పేరిటిది, బొంబాయి చేరెను.

సట్టర్ 2016లో కాలధర్మము చెందెను. 1574వదియు కడపటిదియునగు జంబోను 2023 జనవరిలో కర్మాగారము అప్పగించెను. మూడుండగా నాలుగవదానికి ఖర్చెందులకని యడుగువారికి శాన్‌ఫ్రాన్సిస్కో నాటి దినమే సమాధానము.