ఇగువాసు జలపాతం

ఇగువాసు జలపాతం దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల సరిహద్దున ఇగువాసు నదిపై ఉన్నది. తెలుగులో ఇగువాజు అని కూడా వ్రాస్తారు. ఇది ఒకే జలపాతం కాదు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున విడివిడిగా దూకే దాదాపు 275 జలపాతాల సముదాయం. నీరు పెరిగినపుడు పక్కపక్క ధారలు కలిసిపోతాయి, తగ్గినపుడు విడిపోతాయి. అందువలన ఈ సంఖ్య స్థిరమైనది కాదు. స్థానిక గ్వారనీ భాషలో ఈ పేరుకు "పెద్ద నీరు" అని అర్థం.

నది, జలపాతం

ఇగువాసు నది బ్రెజిల్‌లోని కురిటిబా నగరం దగ్గర, అట్లాంటిక్ సముద్రానికి ఎంతో దూరం కాని చోట పుట్టినప్పటికీ సముద్రం వైపు పోదు. అరేబియా సముద్రం చెంత పుట్టి తూర్పునకు సాగే గోదావరి వలె, ఇది కూడా సముద్రానికి వీపు చూపి 1,300 కిలోమీటర్లకు పైగా పడమరకు ప్రవహిస్తుంది. జలపాతం దాటిన 23 కిలోమీటర్లకు పరానా నదిలో కలుస్తుంది. పూర్వం లావా గట్టిపడి ఏర్పడిన బసాల్ట్ శిలల అంచు నుండి నీరు 60 నుండి 82 మీటర్ల లోతుకు పడుతుంది. వీటిలో పెద్దది గుర్రపు నాడా ఆకారంలో ఉన్న "దయ్యపు గొంతుక". రెండు దేశాల సరిహద్దు దీని గుండానే పోతుంది.

సగటున సెకనుకు 1,750 ఘనపు మీటర్లు, అనగా సుమారు 62 వేల క్యూసెక్కుల నీరు ఇక్కడ పడుతుంది. 2014 జూన్ వరదలో ఇది 45 వేల ఘనపు మీటర్లు దాటినది. 2006, 2020 సంవత్సరాల కరువులలో మాత్రం చాలా చోట్ల నల్లరాయే బయటపడినది.

వన్యప్రాణులు

చుట్టూ ఉన్నది అట్లాంటిక్ వర్షారణ్యం. ఒకప్పుడు బ్రెజిల్ తీరమంతా వ్యాపించిన ఈ అడవిలో అధిక భాగం వ్యవసాయానికి, పశువుల మేతకు నరికివేయబడినది. ఇక్కడ మిగిలినది పెద్ద తునకలలో ఒకటి.

జలపాతానికే సొంతమైన ప్రాణి అనదగినది గ్రేట్ డస్కీ స్విఫ్ట్ అనే ముదురు రంగు పక్షి. ఇది నీటి తెరను చీల్చుకొని లోపలికి పోయి, వెనుకనున్న తడి రాతిని పట్టుకొని నిద్రిస్తుంది, అక్కడే గూడు కడుతుంది. సాయంకాలం వందలాదిగా తిరిగివచ్చే వీటిని చూడడానికి దుర్భిణి కూడా అవసరం లేదు. పెద్ద నారింజరంగు ముక్కు గల టూకాన్‌లు, కపుచిన్ కోతులు, లెక్కలేనన్ని సీతాకోక చిలుకలు కూడా కనిపిస్తాయి.

సందర్శకులకు తప్పక ఎదురయ్యేది కోవాటి. పొడవైన ముక్కు, పట్టీలు గల తోక ఉన్న ఈ జంతువు రకూన్ కుటుంబానికి చెందినది. మనుషుల తిండికి అలవాటు పడి గుంపులుగా వచ్చి సంచులు లాక్కొంటుంది, అడ్డుకుంటే కరుస్తుంది, గోళ్ళతో రక్కుతుంది. వాటికి ఆహారం పెట్టడం రెండు ఉద్యానవనాలలోనూ నిషేధం.

జాగ్వార్ సామాన్యంగా కంటపడదు. రెండు దేశాలలో విస్తరించిన ఈ అడవి ప్రాంతంలో 2005 నాటికి సుమారు 40కి పడిపోయిన వీటి సంఖ్య, వేటపై నిఘా, పశువుల కాపరులతో చర్చల ఫలితంగా 2018 నాటికి సుమారు వందకు చేరినది.

సంరక్షణ

గ్వారనీ ప్రజలకు తరతరాలుగా తెలిసిన ఈ జలపాతాన్ని 1541 ప్రాంతంలో స్పెయిన్‌కు చెందిన అల్వార్ నూన్యెస్ కబేసా దె వాకా చూచెను. 1916లో విమాన నిర్మాత సాంటోస్ డుమాంట్ ఇక్కడికి వచ్చేనాటికి బ్రెజిల్ వైపు భూమి ప్రైవేటు ఆస్తిగా ఉండినది. ఆయన పరానా రాష్ట్ర అధినేతను కలిసి ఒప్పించగా, అదే ఏడాది ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. అర్జెంటీనా 1934లో, బ్రెజిల్ 1939లో జాతీయ ఉద్యానవనాలను ఏర్పాటు చేశాయి. యునెస్కో వీటిని 1984, 1986లలో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించినది.

ఈ రక్షణ లేకుంటే ఏమి జరిగేదో ఊహించడం కష్టం కాదు. పరానా నదిపైనున్న మహా జలపాతం గ్వాయిరా 1982లో ఇటాయిపు ఆనకట్ట జలాశయంలో మునిగిపోయినది.

బ్రెజిల్ ఉద్యానవనం మధ్యగా పోయే కొలోనో రహదారి మరొక వివాదం. కోర్టు 1986లో మూయించిన ఈ దారిని 1997లో స్థానికులు తెరిచారు. దానితో 1999లో యునెస్కో ఈ ఉద్యానవనాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. 2001లో రహదారి మూసిన తరువాతనే ఆ జాబితా నుండి తొలగించినది. దానిని తిరిగి తెరవాలని బ్రెజిల్ పార్లమెంటులో ఆ తరువాత కూడా బిల్లులు వచ్చాయి.

సందర్శన

బ్రెజిల్ వైపు నుండి మొత్తం దృశ్యం కనిపిస్తుంది, అర్జెంటీనా వైపు జలపాతాల దగ్గరకు పోవచ్చు. దయ్యపు గొంతుక అంచుకు పోయే అర్జెంటీనా కాలివంతెన 2022, 2023 వరదలలో దెబ్బతినగా తిరిగి కట్టారు. జంతువులను చూడదలచిన వారికి ఉదయం వేళ అనువైనది.

ఈ ప్రాంతంలో పచ్చ జ్వరం భయం కలదు. టీకాను ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవలెను. భారతదేశంలో ఇది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే లభిస్తుంది. ధ్రువపత్రం లేకుండా ఆ దేశాల నుండి నేరుగా తిరిగివచ్చిన వారిని ఆరు రోజుల వరకు వేరుగా ఉంచే నిబంధన కలదు.