అరచేతిలో సున్న

పిల్లలకు గట్టి హద్దులు ఉండాలనేవారు ఒకవైపు, పిల్లల మీద ముద్రలు వేయకూడదనేవారు మరోవైపు నిలబడి వాదించుకోవడం మామూలైంది. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందని మన వీధి బడి చరిత్రే చెబుతుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల లెక్క పంపమని కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబిచ్చాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. చదివే పిల్లలు 6,641 మంది. క్యాంప్‌బెల్ అంకెలతో ఆగకుండా బడి లోపలి తీరు కూడా రాశాడు.

బడి తెల్లవారి ఆరు గంటలకు మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మెప్పూ లేదు, తప్పూ లేదని దాని అర్థం. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. తీర్పు ఆ పూట చేసిన పనికే పరిమితం. సరస్వతైనా సున్నైనా కడిగితే పోయే రాతే. నిన్న సున్న దక్కినవాడు రేపు పెందలాడే లేస్తే సరస్వతిని సంపాదించుకోవచ్చు. చెడు కూడా ఇందులోనే ఉంది. పై లెక్క ప్రకారం బడికి సగటున పన్నెండుమంది. అందరూ వేళకే వచ్చినా ఆఖరివాడికి పది దెబ్బలు తప్పవు. అందరూ పాటించగలిగితేనే అది హద్దు. ఎవరో ఒకరు రోజూ తన్నులు తినక తప్పనిది హద్దు కాదు, పందెం.

సోమరి అనిపించుకున్నవాడి గతి ఇంకా కఠినం. బెత్తంతో కొట్టేవారు, రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీసేవారు, ఆగకుండా గుంజీలు తీయించేవారు. మన పెద్దలు కోదండం అన్నది ఆ వేలాడదీయడాన్నే. ఇక్కడ శిక్ష పనిని దాటి మనిషి మీదికి పోయింది. ఆలస్యంగా రావడం ఒక పని. సోమరితనం ఒక స్వభావం. అలాంటి స్వభావాలకు మనం పెట్టే పేర్లను కాస్త దగ్గరగా చూడండి. మొద్దు అంటే కొయ్యదుంగ. మొండి అంటే కొమ్మలు నరికేసిన మోడు. దుంగకు చిగురు వేయదని మన భాషే ముందుగా తేల్చేసింది. ఆ మాట రోజూ వినే పిల్లవాడు ఇక మారడానికి ప్రయత్నం ఎందుకు చేస్తాడు?

ఆ కోదండాలు ఎక్కినవాళ్ళే పండితులయ్యారు కదా అనే అభ్యంతరం ఉంది. పండితులైనవాళ్ళు తమ కథ చెప్పుకోగలిగారు. దెబ్బలకు జడిసి బడి మానేసినవాళ్ళ కథ రాసేవారు లేరు. మిగిలినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి శిక్షకు ఘనత కట్టబెట్టడం న్యాయం కాదు. ముద్రలు వద్దంటే క్రమశిక్షణే పోతుందన్నది రెండో అభ్యంతరం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది, నియమాలను నిషేధించలేదు. ఆరింటికి రావాలన్న నియమం నిక్కచ్చిగా ఉండవచ్చు, ఉండాలి కూడా. దాన్ని తప్పినవాడికి ఆ రోజు తప్పిన సంగతే చెప్పాలి. మెచ్చుకోలుకూ ఇదే వర్తిస్తుంది. తెలివైనవాడు అన్న బిరుదు మోసే పిల్లవాడు అది ఎక్కడ ఊడిపోతుందోనని కష్టమైన లెక్క జోలికే పోడు. ఆ బడి అయ్యవారు సరస్వతి పేరు రాసింది పిల్లవాడి తెలివికి కాదు, వాడు వేకువనే లేచినందుకు. వీధి బడి నుంచి మనం ఆ అరచేతి రాతను తీసుకుందాం. బెత్తాన్నీ కోదండాన్నీ అక్కడే వదిలేద్దాం. పిల్లలకు హద్దు గట్టిగానే గీయాలి, వాళ్ళ మీద మన రాత మాత్రం సాయంత్రానికి కడుక్కోగలిగేదై ఉండాలి.