డ్యాష్‌బోర్డ్‌లో రెడ్ లైట్ వెలిగిందా? ‘షెడ్డు దాకా పోదాంలే’ అనుకుంటే ఇంజిన్ గోవిందా.. ఏ లైట్‌కి ఏం చేయాలంటే!

ఒక్కసారి ఊహించుకోండి. పండగకి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరారు. కారు నిండా ఫ్యామిలీ, డిక్కీ నిండా లగేజీ. సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డ్‌లో నూనె డబ్బాలాంటి చిన్న బొమ్మ ఎర్రగా వెలిగింది. ‘బండి బాగానే పోతోంది కదా.. కోదాడలో చూపిద్దాంలే’ అని అలాగే పోనిచ్చారు. కాసేపటికే బోనెట్ కింద టకటకమని శబ్దం, ఆ వెంటనే ఇంజిన్ బంద్. లీటరు ఆయిల్‌తో పోయేది కాస్తా ఇంజిన్ విప్పాల్సిన దాకా వచ్చింది. పిల్లలతో, పెద్దవాళ్లతో హైవే పక్కన నిలబడాల్సిన పరిస్థితి అదనం.

నిజానికి కారు ముందే చెప్పింది. మనకే ఆ భాష అర్థం కాలేదు. మరి ఏ లైట్ వెలిగితే వెంటనే ఆపాలి? ఏది వెలిగినా షెడ్డు దాకా వెళ్లొచ్చు? అసలు ఆ లైట్ వెలిగే దాకా రాకుండా ఇంట్లోనే ఏమేం చూసుకోవాలి? ఇప్పుడు తెలుసుకుందాం..

ముందు రంగు చూడండి

ఏ కంపెనీ కారైనా ఈ బొమ్మలు దాదాపు ఒకేలా ఉంటాయి. వీటికి ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. రంగుల లెక్క ట్రాఫిక్ సిగ్నల్ లాంటిదే.

ఎరుపు: ప్రమాదం. సేఫ్‌గా పక్కకి తీసి ఆపి చూడాలి.
పసుపు లేదా నారింజ: ఏదో లోపం ఉంది. నెమ్మదిగా వెళ్లొచ్చు, కానీ త్వరగా చూపించాలి.
ఆకుపచ్చ, నీలం: ఏదో ఆన్‌లో ఉందని చెప్పడం మాత్రమే. ఉదాహరణకి ఇండికేటర్, హై బీమ్.

కొన్ని కార్లలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు థర్మామీటర్ బొమ్మ నీలం రంగులో కనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం. అది ఆరిపోయే దాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకపోతే చాలు.

కీ తిప్పగానే ఇది గమనించారా?

ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డ్‌లో చాలా లైట్లు ఒకేసారి వెలుగుతాయి. కారు తనని తాను చెక్ చేసుకుంటోందన్నమాట. ఇంజిన్ స్టార్ట్ అయిన కొన్ని సెకన్లలో అవి ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య ఉన్నట్టే.

అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే! సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ లోపం బయటపడకుండా ఆ లైట్ కనెక్షనే తీసేసి అమ్మేవాళ్లూ ఉంటారు. కీ తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ లైట్లు మూడూ వెలిగి ఆరాయో లేదో చూశాకే బేరం మాట్లాడండి.

ఈ 4 రెడ్ లైట్లు వెలిగితే తేలిగ్గా తీసుకోవద్దు

1. ఆయిల్ లైట్ (నూనె డబ్బా బొమ్మ): ఇంజిన్ లోపల ఆయిల్ ప్రెజర్ పడిపోయింది. ఆయిల్ అందకపోతే లోపలి ఇనుప భాగాలు ఒకదానికొకటి రాసుకుని నిమిషాల్లోనే ఇంజిన్ సీజ్ అయ్యే ప్రమాదం ఉంది. వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆఫ్ చేయండి. 10 నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి స్టార్ట్ చేయండి. లైట్ ఆరకపోతే వెంటనే ఆఫ్ చేసేయాలి. లెవల్ సరిగ్గానే ఉన్నా లైట్ వెలుగుతోందంటే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. టోయింగ్ బండి పిలిపించడమే మేలు.

2. టెంపరేచర్ లైట్ (నీళ్లలో థర్మామీటర్ బొమ్మ): ఇంజిన్ ఓవర్ హీట్ అవుతోంది. ముందు ఏసీ ఆఫ్ చేసి, ఆగే చోటు దొరికే లోపు హీటర్‌ని ఫుల్‌గా పెట్టండి. మండుటెండలో హీటరేంటి అనుకోవద్దు.. ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగేది అదే. పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేసి కనీసం అరగంట వదిలేయండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తిప్పొద్దు. లోపల ప్రెజర్‌తో మరుగుతున్న కూలెంట్ ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది. కాలిపోతున్న ఇంజిన్‌పై చన్నీళ్లు కుమ్మరించడం కూడా తప్పే. లోహం పగిలే ప్రమాదం ఉంది. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఇంజిన్ పని పడుతుంది.

3. బ్రేక్ లైట్ (వృత్తంలో ఆశ్చర్యార్థకం గుర్తు): ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూడండి. చాలాసార్లు విషయం అదే. దించినా లైట్ వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ తగ్గినట్టు. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉండాలి, లేదా ఎక్కడో లీకేజీ ఉండాలి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే మాత్రం కారు కదపొద్దు. నడుస్తుండగానే ఇలా జరిగితే పెడల్‌ని పదేపదే తొక్కుతూ, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ని మెల్లమెల్లగా లాగండి. ఒక్కసారిగా లాగితే కారు తిరిగిపోతుంది.

4. బ్యాటరీ లైట్: బ్యాటరీ పోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాటరీకి చార్జింగ్ అందట్లేదని అర్థం. ఆల్టర్నేటర్ పాడవడమో, దాన్ని తిప్పే బెల్ట్ తెగడమో జరిగుంటుంది. ఏసీ, మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ చార్జర్ ఆఫ్ చేసి దగ్గర్లోని షెడ్డుకి వెళ్లండి. మధ్యలో ఇంజిన్ ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. కానీ ఒక్క జాగ్రత్త.. కొన్ని కార్లలో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఆ బెల్టే. అందుకే టెంపరేచర్ మీటర్‌పై ఓ కన్నేసి ఉంచండి. ముల్లు పైకి వెళ్తుంటే ఆపేయాల్సిందే.

పసుపు లైట్లు.. టైమ్ ఉంది, కానీ ఎక్కువ లేదు

చెక్ ఇంజిన్ లైట్: దీనికి కారణాలు చాలా ఉంటాయి. సెన్సర్ లోపం నుంచి స్పార్క్ ప్లగ్ సమస్య వరకు ఏదైనా కావచ్చు. స్థిరంగా వెలుగుతూ బండి మామూలుగానే నడుస్తుంటే ఒకట్రెండు రోజుల్లో స్కానింగ్ చేయించండి. అదే లైట్ మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంటే సీరియస్. ఇంజిన్ మిస్ ఫైర్ అవుతోంది. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది. ఆ పార్ట్ ఖరీదు చాలా ఎక్కువ. స్పీడ్ తగ్గించి వీలైనంత త్వరగా ఆపండి. మెకానిక్ స్కాన్ చేయకుండానే పార్టులు మార్చాలంటే, ముందు ఎర్రర్ కోడ్ చూపించమని అడగండి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి స్కానర్ తగిలిస్తే కోడ్ తెలిసిపోతుంది.

ఏబీఎస్ లైట్: మామూలు బ్రేక్ పనిచేస్తుంది. కానీ సడెన్ బ్రేక్ వేస్తే చక్రాలు లాక్ అయ్యి జారే ఛాన్స్ ఉంది. ముందు బండికి ఎక్కువ దూరం పాటించండి. దీంతో పాటు రెడ్ బ్రేక్ లైట్ కూడా వెలిగితే మాత్రం ఆపేయండి.

ఎయిర్‌బ్యాగ్ లైట్: కొన్ని కార్లలో ఇది ఎరుపులోనే వస్తుంది. బండి నడపడానికి అడ్డేమీ ఉండదు కాబట్టి నెలల తరబడి వదిలేస్తుంటారు. కానీ ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. సీటు కింద వైర్ కనెక్టర్ లూజ్ అయినా ఇది వెలుగుతుంది. సొంతంగా చేయి పెట్టొద్దు, సర్వీస్ సెంటర్‌లోనే చూపించాలి.

టైర్ లైట్ (గిన్నెలాంటి ఆకారంలో ఆశ్చర్యార్థకం): ఏదో టైర్‌లో గాలి తగ్గింది. స్టీరింగ్ ఓ పక్కకి లాగుతుంటే వెంటనే ఆపండి. లేదంటే నెమ్మదిగా దగ్గర్లోని పంక్చర్ షాపుకి వెళ్లి చెక్ చేయించండి.

డీజిల్ కార్ల ఓనర్లకి: స్టార్ట్ చేసే ముందు స్ప్రింగ్ లాంటి బొమ్మ వెలిగితే అది ఆరాకే సెల్ఫ్ కొట్టండి. ఇక 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగితే అందులో మసి పేరుకుని లైట్ వెలుగుతుంది. చాలా కార్లలో ఓ 15, 20 నిమిషాలు హైవేపై ఒకే స్పీడ్‌తో నడిపితే ఆ మసి కాలిపోతుంది. అప్పటికీ ఆరకపోతే సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి.

ఈవీల్లో తాబేలు బొమ్మ కనిపిస్తే పవర్ తగ్గించారని అర్థం. చార్జింగ్ బాగా తక్కువున్నప్పుడు సాధారణంగా వస్తుంది. ఒక్క విషయం మర్చిపోవద్దు.. బోనెట్ కింద నారింజ రంగు కేబుళ్లని ముట్టుకోవద్దు. వాటిలో హై వోల్టేజీ కరెంట్ ఉంటుంది.

ఆదివారం పొద్దున ఓ 10 నిమిషాలు చాలు

టైర్లు: గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచొచ్చిన టైర్‌లో ప్రెజర్ ఎక్కువ చూపిస్తుంది. మీ కారుకి ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్‌పై రాసి ఉంటుంది. ఫుల్ లోడ్‌కి వేరే నంబర్ ఉంటుంది, పండగ ప్రయాణాలకి అదే చూసుకోండి. స్టెప్నీలో గాలి కూడా మర్చిపోవద్దు. టైర్ గాడుల మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి. టైర్ అరిగి వాటితో సమానం అయ్యిందంటే మార్చాల్సిందే. అప్పటికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలుంటుంది. టైర్ వయసు పక్కనున్న 4 అంకెల్లో ఉంటుంది. ఉదాహరణకి 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని.

ఇంజిన్ ఆయిల్: సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. మినిమమ్, మ్యాగ్జిమమ్ గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోసినా నష్టమే. పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే ఆయిల్‌లో కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి.

కూలెంట్: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డబ్బా బయట నుంచే లెవల్ కనిపిస్తుంది. ఎప్పుడూ బోరు నీళ్లు పోసి సరిపెట్టేస్తే లోపల తుప్పు, ఉప్పు పేరుకుంటాయి.

బ్రేక్ ఆయిల్: ఇది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పాతబడితే త్వరగా మరుగుతుంది. శ్రీశైలం, తిరుమల లాంటి ఘాట్ రోడ్లు దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోవడానికి ఇదో కారణం. చాలా కంపెనీలు 2 ఏళ్లకోసారి మార్చమంటాయి. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్‌పై కాలు పెట్టి ఉంచకుండా లో గేర్‌లో రావాలి.

లైట్లు, వైపర్లు: హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు ఓసారి వెలిగించి చూడండి. మన ఎండలకి వైపర్ రబ్బరు త్వరగా గట్టిపడిపోతుంది. మొదటి వాన పడకముందే మార్చేయండి.

సర్వీసింగ్ విషయంలో కిలోమీటర్లు తిరగలేదని వాయిదా వేయొద్దు. చాలా పెట్రోల్ కార్లకి 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది.. రెండిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. మీ కారు గడువు ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని గ్లోవ్ బాక్స్‌లోనే ఉంచండి.

హైవేపై ఆగిపోతే ముందు ఇవి చేయండి

హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమ పక్కకి కారు తీయండి. రిఫ్లెక్టర్ ట్రయాంగిల్‌ని కారుకి కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. రాయి, చెట్టు కొమ్మ లాంటివి పెడితే రాత్రి ఎవరికీ కనపడవు, పైగా వేరేవాళ్లకి ప్రమాదం. పిల్లల్ని, పెద్దల్ని ట్రాఫిక్ లేని వైపు నుంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టడమే అన్నిటికంటే డేంజర్. నేషనల్ హైవే అయితే 1033కి కాల్ చేయండి, ఇది 24 గంటల హెల్ప్‌లైన్. ఎమర్జెన్సీ అయితే 112.

చివరిగా ఒక్క మాట. రెడ్ లైట్ చూసి ఆగితే పోయేది మహా అయితే గంట టైమ్. ఆగకపోతే పోయేది ఇంజిన్ ఒక్కటే కాకపోవచ్చు. ఈసారి ఊరికి బయల్దేరే ముందు రోజు బోనెట్ ఓసారి ఎత్తి చూడండి.

(గమనిక: ఇది సాధారణ అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. మోడల్‌ని బట్టి గుర్తులు, గడువులు కొంచెం మారతాయి. మీ కారు ఓనర్ మాన్యువల్, సర్వీస్ సెంటర్ సూచనలే ఫైనల్.)