మూడో నంబరు టాపెట్

శనివారం ఉదయం 6 దాటింది. మే నెల అయినా బ్రిస్టల్‌లో నేల ఇంకా చల్లగానే ఉంది. ఇంటి ముందు పాత తివాచీ ముక్క పరుచుకుని, వ్యాను వెనక ఎడమ చక్రం పక్కనుంచి దూరి వెల్లకిలా పడుకున్నాను. ముఖానికి జానెడు ఎత్తున ఇంజన్. రాత్రంతా కదలకుండా ఉంది కాబట్టి నీళ్ళ బిందెలా చల్లగా తగిలింది. టాపెట్లు చూడాలంటే, అంటే వాల్వుల దగ్గర సందుని కొలత రేకుతో చూడాలంటే, అలాగే ఉండాలి. కాస్త వెచ్చబడ్డా లోహం సాగుతుంది, కొలత తప్పుతుంది.

"రేకు దూరటం లేదు బాబాయ్."

పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న బాబాయి కొంచెం ముందుకు వంగాడు. "ఏ నంబరు?"

"మూడు. ఎగ్జాస్టు."

"పాయింట్ ఒకటి పెట్టి చూడు."

0.10 కూడా దూరలేదు. 0.05 రేకు తీశాను, ఉల్లిపొరంత పల్చన. అది అంచు పట్టుకుని వంగిపోయిందే తప్ప లోపలికి పోలేదు. అక్కడ ఉండాల్సిన సందు 0.15 మిల్లీమీటర్లు. మిగతా ఏడు వాల్వులకీ అంతే ఉంది. దీనికి అసలు సందే లేదు.

తలపక్కన కాగితాలు తిప్పుతున్న చప్పుడు. మరో రెండు గంటల్లో మేం బయల్దేరాలి.

ఆ ప్రయాణం బాబాయి కోసమే. ఆయన పుట్టిందీ పెరిగిందీ కాకినాడలో. జీవితమంతా సూర్యుడు సముద్రంలోంచి పైకి రావటమే చూశాడు గానీ, సముద్రంలోకి దిగటం ఎన్నడూ చూడలేదు. "పడమటి సముద్రం ఒక్కసారి చూపించు, చాలు," అన్నాడు విమానం దిగిన రోజునే. సెవెర్న్ వంతెన దాటి వేల్స్ పడమటి కొసకి పోయి, సెయింట్ డేవిడ్స్ దగ్గర కొండ అంచున వ్యాను ఆపి, అందులోనే అన్నం వండుకుని, పొద్దు కుంకటం చూసి, అక్కడే పడుకోవాలని అనుకున్నాం. ఆయన తిరుగు ప్రయాణానికి పదకొండు రోజులుంది.

వ్యాను 1970 నాటి ఫోక్స్‌వాగన్ క్యాంపర్. 1600 సీసీ ఇంజన్, వెనకాల ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు బాబాయి ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిరిగి, "రేడియేటర్ ఎక్కడమ్మలూ?" అని అడిగాడు. ఆర్టీసీ గ్యారేజీలో 33 ఏళ్ళు పనిచేసిన మనిషి. లేదని చెబితే వెనక తలుపు ఎత్తి, సిలిండర్ల చుట్టూ ఉన్న రెక్కలు తడిమి, పైనున్న ఫ్యాను గూడు చూసి, "ఓహో, మన చేతక్ స్కూటర్ లెక్కే," అన్నాడు. అంతే, బండి ఆయనకి అర్థమైపోయింది. డైనమో ఇరుసు మీదే ఫ్యాను ఉంటుంది. ఒక్క బెల్టు రెండిటినీ తిప్పుతుంది. బెల్టు తెగితే డ్యాష్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. కొత్త కారులో దానర్థం బ్యాటరీ ఛార్జి కావటం లేదని. ఇందులో మాత్రం ఇంజన్‌కి గాలి ఆగిపోయిందని. ఆ క్షణమే పక్కకి తీసి ఆపెయ్యాలి. వేడి ఎంతుందో చెప్పే ముల్లు ఈ బండికి లేదు.

అందుకే ఇలాంటి బండి ఉన్నవాళ్ళు చేతులకి నూనె అంటించుకోక తప్పదని నా గట్టి నమ్మకం. ఇక్కడ 40 ఏళ్ళు దాటిన బండికి, పెద్ద మార్పులేమీ చెయ్యనంతవరకు, ఏటా జరిపించాల్సిన ఎంఓటీ పరీక్ష 2018 మే నుంచి తప్పనిసరి కాదు. చట్టం చూడదు, ముల్లు చెప్పదు. ఇంక చూడాల్సింది నడిపే మనిషే.

నేనూ మొదట గ్యారేజీకే ఇచ్చాను. ఊళ్ళో ఒకచోట. గంటలో చేసి ఇచ్చేశారు. నేను నడుపుకుంటూ తీసుకెళ్ళిన బండి, ఇంజన్ కాలుతూనే ఉంది. బిల్లు మీద మాత్రం 'టాపెట్లు సరిచేయబడినవి' అని ఉంది. ఎంత ఉన్నదాన్ని ఎంతకి సరిచేశారో లేదు. ఇంటికొచ్చాక అడుగున నూనె చుక్కలు. ఈ ఇంజన్‌కి కాగితం ఫిల్టరు ఉండదు, అడుగున ఒక గుండ్రటి రేకు, దాని వెనక ఇత్తడి టీ వడపోతలాంటి జాలీ. రేకుని పట్టి ఉంచేవి ఆరు చిన్న నట్లు. మణికట్టు బలం చాలు వాటికి. బారెడు పానా వేసి బిగిస్తే మెత్తటి లోహంలో మర పోతుంది. రెండిటికి పోయింది.

ఆ రాత్రి ఏడుపు గొంతుతో కాకినాడకి ఫోన్ చేశాను. బాబాయి అంతా విని, "నువ్వే చేసుకోవే అమ్మలూ. నేను చెబుతాగా," అన్నాడు. తర్వాత ఆయన చెప్పిన మొదటి మాట పానాల గురించి కాదు, పద్దుపుస్తకం గురించి. "ముందు కొలు. తర్వాత రాయి. ఆ తర్వాతే తిప్పు. రాయకుండా తిప్పావా, అంతదాకా బండి చెప్పిందంతా తుడిచేసినట్టే." డిపోలో ప్రతి బస్సుకీ లాగ్ ఉండేదట. డ్రైవర్లు మారినా, మెకానిక్కులు రిటైరైనా, బస్సు కథ ఆ కాగితాల్లో సాగుతూనే ఉండేది.

నాకూ ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉంది. ప్రతి 3000 మైళ్ళకి ఒక వరస, వాల్వుకొకటి చొప్పున ఎనిమిది గడులు. ఇప్పుడు బాబాయి చేతిలో ఉన్నది అదే.

"పోయిన ఏడు జూన్‌లో మూడు ఎగ్జాస్టు పాయింట్ ఒకటి మూడు," చదివాడు. "నువ్వు ఒకటి అయిదుకి పెట్టావు. అక్టోబరులో పాయింట్ ఒకటి సున్నా. మళ్ళీ ఒకటి అయిదుకి పెట్టావు. ఇవాళ..."

ఆగాడు.

"సరిచేసేస్తాను బాబాయ్. రెండు నిమిషాల పని." నిజంగానే రెండు నిమిషాలు. 13 నంబరు పానాతో లాక్‌నట్టు వదులు చేసి, స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పి, రేకు పెట్టి, మళ్ళీ బిగించటమే. నేను అప్పటికే పానా అందుకున్నాను.

"చెయ్యొచ్చు. చేస్తే బండి నడుస్తుంది కూడా. ఎంతవరకు నడుస్తుందో చెప్పు."

పానా తివాచీ మీద పెట్టేశాను.

మూడో సిలిండర్ సంగతి ఈ ఇంజన్లతో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. ఆ కాలం ఇంజన్‌లో ఫ్యాను గూడు లోపలే ఆయిల్ కూలర్ నిలబడి ఉంటుంది, సరిగ్గా మూడో సిలిండర్ మీద. మిగతావాటికి బయటి చల్లగాలి తిన్నగా వస్తుంది. మూడోదానికి కూలర్‌ని దాటుకుని, నూనె వేడి మోసుకుంటూ వస్తుంది. తర్వాత వచ్చిన ఇంజన్లలో కూలర్‌ని ఆ దారిలోంచి పక్కకి జరిపారు. మా దాంట్లో అక్కడే ఉంది. ఎగ్జాస్టు వాల్వు మంటలో ఉండే వాల్వు. అది చల్లబడేది మూసుకుని సీటుకి ఆనిన కాసేపే. వేడి మితిమీరితే దాని కాడ సాగటం మొదలవుతుంది. కాడ పొడుగైన కొద్దీ టాపెట్ దగ్గర సందు తగ్గుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంకా కాలుతుంది, ఇంకా సాగుతుంది. మనం ప్రతిసారీ స్క్రూ తిప్పి సందు ఇస్తూ పోతే పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. చివరికి ఒకరోజు వాల్వు తల తెగి సిలిండర్‌లో పడుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్న ఇంజన్‌లో, మోటార్‌వే మధ్య లేన్లో.

వాకిట్లో కూర్చునే ప్రయాణం మానుకున్నాం. అద్దె కారు తీసుకుని వెళ్దామన్నాను. ఇంజన్ సంగతి తేలకుండా ఎక్కడికీ రానన్నాడు బాబాయి.

ఆదివారం ఇంజన్ దించాం. పక్కింటి పెద్దాయన చక్రాల జాకీ తెచ్చాడు. బ్యాటరీ విప్పి, పెట్రోలు గొట్టం బిగబట్టి, డైనమో తీగలు, యాక్సిలరేటర్ కేబులు, హీటర్ కేబుళ్ళు తీసేస్తే మిగిలేవి గేర్‌బాక్సుకి పట్టి ఉన్న నాలుగు బోల్టులు, వెనక ఊత కమ్మీ. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంజన్ వాకిట్లో ఉంది. మర్నాడు సాయంత్రం ఎడమవైపు హెడ్డు నట్లు ఎనిమిదీ విప్పాం.

వంటగది బల్ల మీద వార్తాపత్రిక పరిచి బాబాయి రెండు ఎగ్జాస్టు వాల్వులు పక్కపక్కన నిలబెట్టాడు. నాలుగోది, మూడోది. వేస్టు గుడ్డతో మసి తుడిచాడు. నాలుగోదాని కాడ పైనుంచి కిందదాకా ఒకే లావు. మూడోదానికి తల దగ్గరికొచ్చేసరికి, సారె మీద కుమ్మరి కుండ మెడ నొక్కినట్టు, సన్నబడి ఉంది. చూపుడువేలి గోరు దాని మీద పైనుంచి కిందికి మెల్లగా జార్చాడు. సన్నబడ్డచోట గోరు దిగబడింది. నా వేలు పట్టుకుని నాచేత కూడా అలాగే చేయించాడు.

"ఇంకెంత కాలం ఉండేది బాబాయ్?"

"ఏమో తల్లీ. ఇవాళ రాత్రి మనం ఇంట్లో ఉన్నాం. అంతే."

ఇంజన్ దిగింది కాబట్టి కనబడిన సంగతి ఇంకొకటుంది. పెట్రోలు పంపుకి వచ్చే రబ్బరు గొట్టాన్ని బాబాయి రెండు వేళ్ళతో వంచాడు. పైకి బాగానే ఉన్న గొట్టానికి వంపు దగ్గర సన్నటి బీటలు నోరు తెరిచాయి, వెంటనే వాసన. 2021 సెప్టెంబరు నుంచి ఇంగ్లండులో మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. దాన్ని తట్టుకునేలా చెయ్యని పాత రబ్బరుని అది లోపల్నుంచి తినేస్తుంది. ఈ ఇంజన్ బాడీ మెగ్నీషియం కలిసిన లోహం. అంటుకుందంటే నీళ్ళు పోసినకొద్దీ రేగుతుంది. ఈ బండి ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, ఇవాళే లేచి వెళ్ళి ఆ గొట్టాన్ని వంచి చూడమని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. అడుగున్నర గొట్టం, రెండు క్లిప్పులు. ఇంజన్ దించక్కర్లేదు, పైనుంచే చెయ్యి పోతుంది.

హెడ్డు మెషిన్ షాపు నుంచి తిరిగొచ్చేసరికి బాబాయి కాకినాడలో ఉన్నాడు. కొత్త వాల్వులతో నేనే బిగించాను. జూన్ మధ్యలో ఇంజన్ ఎక్కింది. 500 మైళ్ళకి ఒకసారి చూశాను, రాశాను. తర్వాత ఇంకో 600.

సెప్టెంబరు మూడో వారంలో ఒక సాయంత్రం సెయింట్ డేవిడ్స్ దాటి కొండ అంచున వ్యాను ఆపాను. పొద్దు నీళ్ళకి జేనెడు ఎత్తున ఉంది. కాకినాడలో అర్ధరాత్రి కావస్తోంది. మొదటి రింగుకే ఫోన్ ఎత్తాడు. ముఖం మీద ట్యూబ్‌లైటు వెలుగు, పక్కన పిన్ని.

"మూడోది?"

"పాయింట్ ఒకటి అయిదు. నిన్న పొద్దున్నే చూశాను, ఇంజన్ చల్లగా ఉండగా."

"రాశావా?"

"రాశాను."

"జాలీలో ఏమన్నా వచ్చిందా?"

"ఏం లేదు బాబాయ్. శుభ్రంగా ఉంది."

"ఆరు నట్లూ?"

"మణికట్టుతోనే బిగించాను."

"సరే. ఇప్పుడు ఫోను అటు తిప్పు."